మెషీన్ మాటే ఫైనల్ అంటున్న పెద్దలకి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఈ ఉత్తరం ఏఐ తయారుచేసే వాళ్ళకి కాదండి, వాళ్ళ గోల వాళ్ళది. దాన్ని కొనుక్కొచ్చి ఆఫీసుల్లో పెట్టి, ఇకనుంచి ఎవరికి లోన్ ఇవ్వాలో ఎవరి అప్లికేషన్ పక్కన పడెయ్యాలో ఏ పేషెంట్‌ని ముందు చూడాలో ఎవర్ని అనుమానించాలో అన్నీ అదే చెప్తుంది, మా స్టాఫ్ పని ఓకే కొట్టడమే అని మీటింగుల్లో గర్వంగా చెప్పుకుంటున్నారు చూడండి, మీకు. సర్కారు ఆఫీసులైనా బ్యాంకులైనా ఆస్పత్రులైనా కంపెనీల హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్లైనా అందరికీ కలిపే రాస్తున్నా, ఎందుకంటే అందరూ చేస్తున్న తప్పు ఒకటే.

ముందే ఒక విషయం చెప్పేస్తా, లేకపోతే నన్ను పాతకాలం మనిషి కింద జమకట్టేసి ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఏఐ ఇది ఎప్పటికీ చెయ్యలేదు అది ఎప్పటికీ చెయ్యలేదు అని లిస్టు రాయడానికి నేను రాలేదు. అలాంటి లిస్టులు రాసినవాళ్ళు చాలామంది నవ్వులపాలయ్యారు. హ్యూబర్ట్ డ్రైఫస్ అని ఒక ఫిలాసఫీ ప్రొఫెసర్, కంప్యూటర్లు చెస్ ఎంత నాసిరకంగా ఆడతాయో 1960ల్లో ఎత్తిపొడిచాడు, 1967లో మాక్‌హాక్ అనే ప్రోగ్రామ్ చేతిలో తనే ఓడిపోయాడు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ చెస్ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది. సరే చెస్ అంటే లెక్కలే కదా, గో ఆట (రాళ్ళతో ఆడే బోర్డు ఆట) అలా కాదు దానికి ఇంట్యూషన్ కావాలి అన్నారు, 2016లో ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ వచ్చి కొరియా ఛాంపియన్ లీ సెడోల్ మీద 4-1తో గెలిచింది. 2025 ఇంటర్నేషనల్ మ్యాథ్స్ ఒలింపియాడ్ లెక్కల మీద రెండు కంపెనీల మోడల్స్‌కి 42కి 35 మార్కులొచ్చాయి, అంటే గోల్డ్ మెడల్ స్థాయి. నాకైతే ఒక్క లెక్క కూడా వచ్చేది కాదు.

అటువైపు గొప్పలు చెప్పినవాళ్ళూ తక్కువ తినలేదు లెండి. మనిషి చేయగలిగే ఏ పనైనా ఇరవై ఏళ్ళలో మెషీన్లు చేసేస్తాయి అని ఏఐ తొలితరం సైంటిస్టు హెర్బర్ట్ సైమన్ 1965లో రాశాడు. రేడియాలజిస్టులకి, అంటే ఎక్స్‌రేలు స్కాన్లు చూసే డాక్టర్లకి, ట్రైనింగ్ ఇవ్వడం ఇప్పుడే ఆపెయ్యండి అని ఏఐ సైంటిస్టు జెఫ్రీ హింటన్ 2016లో అన్నాడు, రేడియాలజిస్టులు ఇప్పటికీ ఉన్నారు, ఊపిరాడనంత పనితో ఉన్నారు. కాబట్టి జోస్యాలు రెండువైపులవీ పక్కన పెడదాం.

ఇంకో దారి కూడా నేను పట్టుకోను. 1931లో గోడెల్, 1936లో ట్యూరింగ్ అనే గణిత శాస్త్రవేత్తలు ప్రూవ్ చేసినవి చూపించి, చూశారా మెషీన్‌కి హద్దుంది మనిషికి లేదు అనేవాళ్ళు ఉన్నారు. ట్యూరింగ్ ఏం చూపించాడంటే, ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా ఇది ఎప్పటికైనా ఆగుతుందా లేక తిరుగుతూనే ఉంటుందా అని ప్రతిసారీ కరెక్ట్‌గా చెప్పగలిగే ప్రోగ్రామ్ రాయడం కుదరదు అని. నిజమే. కానీ అలా ప్రతిసారీ కరెక్ట్‌గా చెప్పగలిగే మనిషిని కూడా ఎవరూ చూడలేదు కదండీ. వినడానికి బరువుగా ఉంటుందే తప్ప మీ ఆఫీసులో జరుగుతున్నదానికి ఈ వాదన పనికిరాదు.

నేను చెప్పే లిమిట్‌కి తెలివితేటలతో పెద్దగా సంబంధం లేదు. తనకి ఇచ్చిన డేటా, తనకి అడిగిన ప్రశ్న, ఈ రెండిటి బయటికొచ్చి "ఆగండి, నాకు ఇచ్చిందే తప్పేమో" అనడం, అన్నాక ఆ మాటకి కట్టుబడి వచ్చే చీవాట్లు తినడానికి కూడా సిద్ధపడటం. దీని గురించే నా గొడవంతా.

1983 సెప్టెంబర్ 26, అర్ధరాత్రి దాటింది. మాస్కో దగ్గర సెర్పుఖోవ్-15 అనే చోట ఒక బంకర్లో స్తనిస్లావ్ పెట్రోవ్ అనే లెఫ్టినెంట్ కల్నల్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి అణు మిసైల్ వస్తే శాటిలైట్లతో పసిగట్టే సిస్టమ్ అది, పేరు ఓకో. సైరన్ మోగింది, ఒక మిసైల్ బయల్దేరింది అంది. కాసేపటికి ఇంకో నాలుగు, మొత్తం ఐదు. నమ్మకం లెవెల్ ఎంత అంటే అన్నిటికన్నా పైది. అప్పటికి మూడు వారాల క్రితమే కొరియా ప్యాసింజర్ విమానాన్ని సోవియట్ ఫైటర్ కూల్చేసి 269 మంది చనిపోయారు, రెండు దేశాలూ నిప్పుల మీద ఉన్నాయి. అలాంటి టైంలో అతని డ్యూటీ ఒకటే, స్క్రీన్ మీద వచ్చింది వచ్చినట్టు పైకి చెప్పడం. పైవాళ్ళకి నిర్ణయం తీసుకోడానికి ఉండేది కొన్ని నిమిషాలే.

పెట్రోవ్ ఫోన్ చేసి ఇది ఫాల్స్ అలారం అని చెప్పాడు.

ఎలా తెలుసు? తెలీదు. తనే తర్వాత చెప్పుకున్నాడు, సగం సగం నమ్మకమే అని. కానీ అతని బుర్రలో సిస్టమ్‌లో లేని సంగతులు ఉన్నాయి. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు మిసైళ్ళతో ఎందుకు మొదలుపెడతాడు, పెడితే వందల్లో పంపిస్తాడు కదా అనుకున్నాడు. గ్రౌండ్ రాడార్లలో ఏమీ కనపడలేదు. పైగా అతను ఇంజినీరు, ఆ సిస్టమ్‌ని తొందరపడి వాడకంలోకి తెచ్చారని, ఇంకా పచ్చిగానే ఉందని తెలుసు. తర్వాత తేలిందేంటంటే చాలా ఎత్తులో ఉన్న మేఘాల మీద పడిన ఎండ శాటిలైట్‌కి మిసైల్ మంటలా కనిపించింది. సిస్టమ్ తన పని తను కరెక్ట్‌గానే చేసిందండి, వెలుగు కనపడితే మిసైల్ అను అన్నారు, అంది. ఆ వెలుగు ఎండ అయ్యుండొచ్చు అనే ఆలోచనకి దాంట్లో చోటే లేదు.

ఈ కథ చాలామంది చెప్తారు, ఇక్కడితో ఆపి చప్పట్లు కొడతారు. మీరు వినాల్సింది తర్వాతి ముక్క. అతనికి ప్రమోషన్ రాలేదు. ఆ రాత్రి లాగ్ బుక్ సరిగ్గా రాయలేదని మందలించారు. ఒక చేత్తో ఫోను ఇంకో చేత్తో మైకు పట్టుకుంటే రాయడానికి మూడో చెయ్యి ఎక్కడిది అని అతను తర్వాత అడిగాడు. మెషీన్‌ని కాదన్నవాడికి వ్యవస్థ ఇచ్చే బహుమతి ఇది, అప్పుడూ ఇప్పుడూ.

అది పాత సిస్టమ్ కదా, ఇప్పటివి నేర్చుకుంటాయి కదా అంటారు. నేర్చుకుంటాయి, సమస్య ఇంకా ముదురుతుంది. 1990ల్లో అమెరికాలో న్యుమోనియా పేషెంట్ల రికార్డుల మీద ప్రోగ్రామ్స్‌కి ట్రైనింగ్ ఇచ్చారు, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్తే వాళ్ళని అడ్మిట్ చేసుకుని మిగతావాళ్ళని ఇంటికి పంపొచ్చని. వాటిలో ఒక ప్రోగ్రామ్ ఒక రూల్ పట్టుకుంది: ఆస్తమా ఉన్నవాళ్ళకి న్యుమోనియా వస్తే చనిపోయే రిస్క్ తక్కువ. ఏ డాక్టర్‌ని అడిగినా ఇదేం చోద్యం అంటారు. కానీ డేటాలో నిజంగానే అలా ఉంది! ఎందుకంటే ఆస్తమా ఉన్నవాళ్ళు న్యుమోనియాతో వస్తే డాక్టర్లు కంగారుపడి వాళ్ళని తిన్నగా ఐసీయూకి పంపేవాళ్ళు, అంత గట్టి ట్రీట్‌మెంట్ దొరికింది కాబట్టి బతికారు. ఆ కంగారు డేటాలో కాలమ్ కాదు. బతికారు అన్నది మాత్రం కాలమ్. ఈ ప్రోగ్రామ్ మాట విని వాళ్ళని ఇంటికి పంపేస్తే, ఏ శ్రద్ధ వల్ల బతికారో ఆ శ్రద్ధే తీసేసినట్టు.

ఇక్కడ ఇంకో మెలిక. అన్నిటికన్నా ఎక్కువ కరెక్ట్‌గా చెప్పింది ఈ రూల్స్ ప్రోగ్రామ్ కాదు, న్యూరల్ నెట్ అనే ఇంకో రకం ప్రోగ్రామ్. కానీ దాని లోపల ఏముందో మనిషి చదవలేడు. రూల్స్ ప్రోగ్రామ్ చదవగలిగే భాషలో చెప్పింది కాబట్టి ఈ ఆస్తమా సంగతి దొరికింది, న్యూరల్ నెట్ ఇలాంటివి ఇంకెన్ని మింగి కూర్చుందో ఎవరికి తెలుసు అని దాన్ని పేషెంట్ల మీద వాడకుండా పక్కన పెట్టారు. స్కోర్ ఎక్కువొచ్చినదాన్ని కావాలని వదులుకున్నారు! మీ టెండర్లలో ఇలాంటి నిర్ణయానికి గడి ఉందా? అక్యురసీ ఎంత, రేటెంత, ఎన్నాళ్ళలో ఇన్‌స్టాల్ చేస్తారు, ఈ మూడే కదా మీరు అడిగేది.

జరిగిపోయిన వాటి లెక్క చూసి ఏది దేనితో కలిసి వస్తుందో చెప్పడంలో మెషీన్‌ని కొట్టేవాడు లేడు. ఏది ఎందువల్ల జరిగింది, నేను ఇక్కడ చెయ్యి పెడితే ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న, ఉట్టి రికార్డులు ఎన్ని కుప్పపోసినా దానికి జవాబు దానంతటదే రాదు. పిల్లలు పుట్టినప్పట్నుంచి చేసేది ఈ రెండో పనే, వస్తువు కింద పడేసి చూస్తారు, నోట్లో పెట్టుకు చూస్తారు, వద్దన్నది చేసి మన మొహం చూస్తారు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే భాషా మోడల్‌కి ట్రైనింగ్‌లో చూపించింది సుమారు 30 వేల కోట్ల టోకెన్లు, అంటే మాటల ముక్కలు. ఏ పిల్లా పిల్లాడూ జీవితం మొత్తంలో కూడా అన్ని మాటలు వినరు, అయినా నాలుగేళ్ళకి మనల్ని వాదనలో ఓడించేస్తారు, 20 వాట్ల కరెంటంత శక్తితో నడిచే మెదడుతో.

బలం ఎంతున్నా అడుగున ఏం లేదు అనడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ గో ఆటదే. ఆల్ఫాగో గెలిచాక ఇక మనుషుల పని అయిపోయింది అనుకున్నారు కదా, 2023లో ఒక అమెచ్యూర్ ప్లేయర్, టాప్ ప్రొఫెషనల్ కూడా కాదు, అలాంటి గట్టి ప్రోగ్రామ్‌తోనే 15 ఆటలాడి 14 గెలిచాడు. ఎలా అంటే, ఒక మూలా ఇంకో మూలా ఆడుతూ దాని ధ్యాస మళ్ళించి మెల్లగా దాని రాళ్ళ చుట్టూ పెద్ద వలయం కట్టాడు. ఆట వచ్చిన మనిషైతే ఇట్టే పసిగట్టేవాడు, ప్రోగ్రామ్ మాత్రం పూర్తిగా చుట్టుముట్టేదాకా తను గెలుస్తున్నాననే అనుకుంది. (ఆ లొసుగుని కనిపెట్టడానికి కూడా రీసెర్చర్లు ఇంకో ప్రోగ్రామ్‌నే వాడారు లెండి, ఆ క్రెడిట్ దానికివ్వాలి.) లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకున్నదానికి చుట్టుముట్టడం అంటే ఏంటో తెలిసి ఉంటుంది అని మనమే అనుకున్నాం. అలాంటి పొజిషన్లు అది పెద్దగా చూడలేదు, అంతే. మీ దగ్గరున్న సిస్టమ్ పెద్దగా చూడని కేసులు ఎవరివి? ఎప్పుడూ ఎవరూ పట్టించుకోని వాళ్ళవే కదా, రికార్డులు సరిగ్గా లేని వాళ్ళవి, కొత్తగా వచ్చిన వాళ్ళవి, అందరిలా లేని వాళ్ళవి.

ఇక చాట్‌బాట్ల సంగతి. తర్వాత ఏ మాట ముక్క రావచ్చో అంచనా వేస్తూ పోవడం వాటి మూలం, పైన ఎన్ని హంగులు తొడిగినా. నిజం చెప్పేటప్పుడు ఎంత నున్నగా చెప్తుందో అబద్ధాన్నీ అంత నున్నగానే చెప్తుంది, గొంతు తడబడదు, చూపు తప్పించదు. 2023లో న్యూయార్క్ కోర్టులో ఒక లాయర్ చాట్‌జీపీటీ ఇచ్చిన పాత కేసులు కోర్టుకిచ్చిన కాగితాల్లో పెట్టాడు, అవి అసలు లేనే లేవు. అతనికి అనుమానం వచ్చి ఈ కేసులు నిజమైనవేనా అని దాన్నే అడిగాడు కూడా, నిజమైనవే అంది! చివరికి 5000 డాలర్ల ఫైన్ కట్టింది మనుషులు. తప్పు చూపిస్తే క్షమించండి అంటుంది, కొత్త చాట్ తెరిస్తే మళ్ళీ అదే తప్పు చెయ్యొచ్చు, ఎందుకంటే ట్రైనింగ్ అయిపోయాక మనం ఏం చెప్పినా దాని లోపలి లెక్కలు మారవు. మనిషి ఒక్కసారి గట్టిగా దెబ్బతింటే జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు. ఆ దెబ్బ దానికి తగలదు, నాకు అసలు భయం వేసేది అక్కడే. తప్పు చెప్తే పోయేది ఏమీ లేనిదాన్ని మనం జడ్జి కుర్చీలో కూర్చోబెడుతున్నాం.

2022లో ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ డిస్కౌంట్ గురించి తప్పు చెప్పింది, అతను కేసేశాడు. కంపెనీ వాదన ఏంటో తెలుసా, ఆ చాట్‌బాట్ వేరే వ్యక్తి లాంటిది, దాని పనులకి అదే బాధ్యత అని. ట్రిబ్యునల్ 2024లో కొట్టిపారేసింది. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ వల్ల పరీక్షలు జరగక పిల్లల గ్రేడ్లు అల్గారిథమ్‌తో వేశారు, టీచర్లు ఇచ్చిన అంచనాల్లో దాదాపు 40 శాతం కిందికి దించేసింది, పిల్లలు రోడ్డెక్కితే కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు, అప్పటి ప్రధాని దాన్ని మ్యూటెంట్, అంటే వికారంగా మారిపోయిన, అల్గారిథమ్ అన్నాడు. అదేదో రాత్రికి రాత్రి తనంతట తనే పుట్టుకొచ్చినట్టు! ఆ ఫార్ములాకి ఓకే చెప్పింది మనుషులే కదండీ.

ఇంకోటి ఉంది, ఇది నిదానంగా చదవండి. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో రాత్రిపూట ఒక మహిళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. టెస్టింగ్‌లో ఉన్న ఊబర్ డ్రైవర్‌లెస్ కారు వస్తోంది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెని గుర్తించింది. కానీ ఏంటో తేల్చుకోలేకపోయింది, వాహనం అంది, ఇంకేదో అంది, సైకిల్ అంది, మార్చిన ప్రతిసారీ ఆమె ఎటు పోతోందన్న లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. జీబ్రా క్రాసింగ్ కాని చోట మనిషి రోడ్డు దాటొచ్చు అనే ఆలోచనే ఆ డిజైన్‌లో లేదు. ఎదురుగా ఏదో ఉంది, ఏంటో తెలీదు, ముందు బ్రేక్ వెయ్యి అనుకోడానికి మనిషికి దాని పేరు తెలియక్కర్లేదు కదా. ఆమె చనిపోయింది. సీట్లో సేఫ్టీ కోసం ఒక మనిషి ఉంది, ఆవిడ ఫోన్ చూస్తోంది, తప్పే. కానీ గంటలకి గంటలు ఏమీ చెయ్యకుండా కూర్చుని ఒక్క క్షణంలో మేలుకోమనడం మనిషి వల్ల కాదని ఆ ఏర్పాటు చేసినవాళ్ళకి తెలీదా? 2019లో కంపెనీ మీద క్రిమినల్ కేసు అక్కర్లేదన్నారు, 2023లో ఆ ఆపరేటర్ కోర్టులో నేరం ఒప్పుకుంది. సిస్టమ్ బాగా నడిచినన్నాళ్ళూ పేరు సిస్టమ్‌కి, నడవని రోజున ఓకే కొట్టినవాళ్ళ మెడకి.

మీ ఆఫీసుల్లో "ఫైనల్‌గా మనిషే చూస్తాడు" అని బోర్డు పెట్టుకున్నారు కదా, ఆ మనిషికి గంటకి ఎన్ని ఫైళ్ళు ఇస్తున్నారు? స్క్రీన్ మీద వచ్చిన స్కోర్‌ని కాదంటే వాడు మూడు ఫారాలు నింపాలి, అవునంటే ఒక క్లిక్కు చాలు, ఇంక ఎవడు కాదంటాడు? పెట్రోవ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ తీసేసుకున్నట్టుంది.

మనుషులు మాత్రం గొప్పా అంటారని తెలుసు. లంచాలు తింటారు, పక్షపాతం చూపిస్తారు, అలిసిపోతారు, పేరు చూసి మనిషిని తక్కువ చేస్తారు, ఒప్పుకుంటాను, ఇందులో దాచేదేం లేదు. మెషీన్ నేర్చుకున్నది కూడా ఆ మనుషుల రికార్డుల నుంచే అన్నది అలా ఉంచండి. తేడా ఎక్కడంటే, ఒక ఆఫీసర్ తప్పు చేస్తే పక్క ఆఫీసర్ దగ్గరికి పోవచ్చు, వాదించొచ్చు, ఎందుకిలా చేశావని నిలదియ్యొచ్చు, ఒక్కోసారి వాళ్ళ మనసు మారుతుంది కూడా. ఒకే మోడల్ వెయ్యి ఆఫీసుల్లో ఉంటే ఒకే తప్పు వెయ్యి చోట్ల ఒకే రోజు జరుగుతుంది, పోవడానికి పక్క ఆఫీసు ఉండదు.

అసలు వాడొద్దు అని కూడా నేను అనట్లేదు. ప్రొటీన్ల ఆకారం చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ తయారుచేసినవాళ్ళకి 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది, న్యాయంగానే వచ్చింది. 1971 నుంచి సైంటిస్టులు ల్యాబుల్లో కష్టపడి ఒక్కో ఆకారం తేల్చి అందరికీ అందుబాటులో పెట్టిన డేటా మీద ఆల్ఫాఫోల్డ్ నేర్చుకుంది, ఇప్పుడది చెప్పేదాన్ని కూడా ల్యాబులో పరీక్ష చేసి చూసుకోవచ్చు. తప్పైతే ఒక ప్రయోగం పోతుంది. మీ దగ్గర తప్పైతే ఒక మనిషి బతుకు పోతుంది, అది తప్పని మీకు ఎప్పటికీ తెలియను కూడా తెలీదు, ఎందుకంటే లోన్ రానివాడు కట్టేవాడో కాదో ఎవరు చూశారు? ఉద్యోగం రాని అమ్మాయి ఎలా చేసేదో ఏ డేటాలో ఉంటుంది?

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఒక మనిషికి నష్టం చేసే ప్రతి నిర్ణయం కింద ఒక మనిషి పేరు ఉండాలి, సిస్టమ్ రిజెక్ట్ చేసింది అనే మాట లెటర్‌లో రాకూడదు. ఆ పేరున్న మనిషికి ఫైలు చదివే టైం ఇవ్వాలి, స్కోర్‌ని కాదనే అధికారం ఇవ్వాలి, కాదన్నందుకు సంజాయిషీ అడగడం మానెయ్యాలి, లేదా అవునన్నప్పుడు కూడా అడగాలి, రెండిటికీ ఒకే కొలత. నాకు తెలీదు అని చెప్పే ఆప్షన్ సిస్టమ్‌లో పెట్టించండి, తెలీదన్న కేసులు తిన్నగా మనిషి దగ్గరికి రావాలి. కంపెనీ వాళ్ళు అక్యురసీ తగ్గుతుంది అంటారు, తగ్గనివ్వండి.

ఆఖరుగా ఒక్క లెక్క అడుగుతున్నా, దీనికి మాత్రం జవాబు రాయండి. పోయిన ఏడాది మీ దగ్గర మెషీన్ చెప్పినదాన్ని స్టాఫ్ ఎన్నిసార్లు కాదన్నారు, అలా కాదన్నవాటిలో ఎన్ని తర్వాత కరెక్ట్ అని తేలాయి, కాదన్నవాళ్ళకి ఏమైంది? ఈ నంబర్లు బయటపెట్టండి. ఒకవేళ ఒక్కసారి కూడా ఎవరూ కాదనలేదు అంటే, అదే రాసి కింద మీ పేరు, మీ హోదా వేసి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ సిస్టమ్ స్కోర్ వేసే జనంలో ఒకడు